మోరీ నిండితే ఎవరిని అడగాలి?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక గల్లీలో మోరీ నిండి రోడ్డు మీదికి పొంగిందనుకుందాం. మొదటి ఫోన్ పారిశుధ్య కార్మికుల మీద ఉండే జవాన్‌కి పోతుంది. ఆయన రేపు చూస్తానంటాడు, ఎందుకంటే చేతి కింద ఉన్న నలుగురైదుగురు కార్మికులు ఆ రోజు ఇంకో గల్లీలో ఉంటారు. రెండో ఫోన్ కౌన్సిలర్‌కి. "అన్నా, జర మా గల్లీకి ఒకసారి రాండ్రి." కౌన్సిలర్ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి చెప్తాడు, మర్నాడు నలుగురొచ్చి సిల్టు తీసి మోరీ పక్కనే కుప్ప పోస్తారు. ఆ కుప్పను ఎత్తుకుపోవాల్సిన ట్రాక్టర్ వచ్చేలోపు వాన పడితే అంతా మళ్లీ మోరీలోకే. సరే, ఇది చిన్న కథ. పెద్ద కథ ఏమిటంటే ఆ మోరీకి అసలు వాలే లేదు, తవ్వి కొత్తగా కట్టాలి. అప్పుడు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చి టేపు పట్టి ఎస్టిమేట్ వేయాలి, అది కౌన్సిల్ ఎజెండాలోకి ఎక్కాలి, ఏ పద్దు కింద పైసలున్నాయో కమిషనర్ చూడాలి, టెండర్ పిలవాలి, పాత బిల్లులే రాలేదని కాంట్రాక్టర్లు మొహం చాటేయకుండా ఉండాలి. రెండు వానాకాలాలు ఇట్టే గడిచిపోతాయి.

ఇందులో తప్పెవరిది అంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక జవాబుంటుంది. చిక్కేమిటంటే అవి దాదాపు అన్నీ నిజమే. మన పట్టణాల పాలన కట్టుబడే అట్లా ఉంది: ఓటు వార్డు మెంబర్‌కు, సంతకం కమిషనర్‌ది, పైసలు హైదరాబాద్‌వి. మనకు దొరికేది మొదటివాడు ఒక్కడే, అతని చేతిలో ఉన్నదేమో అన్నిటికంటే తక్కువ.

రాజ్యాంగం మాత్రం ఇట్లా అనుకోలేదు. 1992లో వచ్చిన 74వ సవరణ (1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది) మున్సిపాలిటీలను స్థానిక ప్రభుత్వాలుగా గుర్తించింది. ఐదేళ్ల పదవీకాలం, ఎస్సీ ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లు, మహిళలకు కనీసం మూడో వంతు (తెలంగాణలో సగం), ఎన్నికలు పెట్టడానికి వేరే రాష్ట్ర ఎన్నికల సంఘం, పైసల పంపకం చెప్పడానికి ఆర్థిక సంఘం, అన్నీ రాసింది. 12వ షెడ్యూల్ అని ఒకటి పెట్టి 18 పనుల జాబితా కూడా ఇచ్చింది. నీళ్లు, పారిశుధ్యం, రోడ్లు, పట్టణ ప్రణాళిక, శ్మశానాలు, వీధి దీపాలు, ఆఖరికి అగ్నిమాపక సేవలు కూడా అందులో ఉన్నాయి. అయితే ఈ పనులు మున్సిపాలిటీకి అప్పగించే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉంటుంది అని రాసిందే తప్ప అప్పగించి తీరాలి అనలేదు. ఆ సందులోంచే రాష్ట్రాలు ముప్పై ఏళ్లుగా జారిపోతున్నాయి. మన దగ్గర ఫైరింజన్ మున్సిపాలిటీది కాదు, రాష్ట్ర శాఖది. ఊరి నడిమిలోంచి పోయే పెద్ద రోడ్డు చాలా చోట్ల ఆర్ అండ్ బీదో జాతీయ రహదారి వాళ్లదో అయి ఉంటుంది. కరెంటు స్తంభం డిస్కంది, దాని మీద బల్బు మాత్రం మున్సిపాలిటీది. ఫ్లోరైడ్ బాధ తెలిసిన నల్గొండకు సాగర్ నుంచి పానగల్ ఉదయసముద్రం దాకా వచ్చే కృష్ణా నీళ్ల మీద కౌన్సిల్‌కు పెత్తనమేమీ లేదు, నల్లా మాత్రం దాని లెక్కలోకే వస్తుంది. అందుకే ఏదడిగినా "అది మా చేతిలో లేదు" అంటారు, సగం సార్లు అది అబద్ధం కూడా కాదు.

ఇక చేతిలో ఉన్నవాటి సంగతి. గ్రేటర్ హైదరాబాద్‌కు 1955 నాటి చట్టం వేరే ఉంది, మిగతా మున్సిపాలిటీలు, కార్పొరేషన్లన్నిటికీ తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 వర్తిస్తుంది. దాని ప్రకారం కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, అమలు చేసేది కమిషనర్. కమిషనర్‌ను వేసేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. ఛైర్మన్‌కు కారు, ఛాంబర్, సమావేశానికి అధ్యక్షత వహించే అధికారం ఉంటాయి. ఒక అధికారి పనితీరు బాగా లేదని మార్చుకునే శక్తి మాత్రం ఉండదు. మహబూబ్‌నగర్ 2025 మొదట్లో కార్పొరేషన్ అయింది, కౌన్సిలర్‌కు కార్పొరేటర్ అని, ఛైర్మన్‌కు మేయర్ అని పేరు మారుతుంది గానీ ఈ సంబంధం అట్లే ఉంటుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. బొంబాయి నగరం కోసం 1888లో చేసిన చట్టంలో ఇంగ్లీషు దొరలు కార్యనిర్వాహక అధికారమంతా కమిషనర్‌కు కట్టబెట్టారు, ఎన్నికైనవాళ్లు మాట్లాడతారు, నియమించినవాళ్లు నడిపిస్తారు అన్న లెక్కన. దొరలు పోయారు, లెక్క మిగిలింది. కలకత్తా 1980 చట్టంతో వేరే దారి పట్టింది. అక్కడ మేయర్, ఆయన చుట్టూ ఒక చిన్న మంత్రివర్గం లాంటిది ఉండి ఒక్కో సభ్యుడు ఒక్కో శాఖ చూస్తారు, చెత్త ఎత్తకపోతే ఫలానా సభ్యుడిని నిలదీయొచ్చు. అమెరికాలో ఎన్నో చిన్న నగరాల్లో మన కమిషనర్ లాంటి మేనేజరే రోజువారీ పాలన నడుపుతాడు. కానీ ఒక తేడా ఉంది, అతన్ని జీతమిచ్చి పెట్టుకునేది కౌన్సిల్, నచ్చకపోతే తీసేసేదీ కౌన్సిలే. అంటే నిపుణుడైన అధికారి ఉండటం తప్పేం కాదు, అతని ఉద్యోగం ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు సంగతి. మన కమిషనర్‌కు ఏ వార్డులో ఎంతమంది తిట్టుకుంటున్నారనే దానికన్నా సెక్రటేరియట్‌లో ఏమనుకుంటున్నారనేది ముఖ్యం. ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు, ఆ కుర్చీలో ఎవరున్నా అంతే చేస్తారు.

మరి ఛైర్మన్‌నైనా జనం ఎన్నుకుంటారా? లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002 దాకా నేరుగా ఎన్నుకున్నారు, ఆ ఏడాది హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డి జనం ఓట్లతోనే గెలిచారు. 2005 నుంచి వార్డు సభ్యులే ఎన్నుకునే పద్ధతి వచ్చింది. చిత్రమేమిటంటే నల్గొండ పక్కనున్న ఏ చిన్న పల్లెలోనైనా సర్పంచ్‌కు జనం నేరుగా ఓటేస్తారు. లక్షన్నర జనాభా దాటిన పట్టణంలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ భాగ్యం లేదు. కార్పొరేషన్‌లో కలిసిన ఊళ్లవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. నిన్నటిదాకా చెక్కు మీద సంతకం పెట్టే సర్పంచ్ ఇంటి అరుగు మీదే దొరికేవాడు, గ్రామసభలో లేచి అడిగే వీలుండేది. కలిసిన తర్వాత సర్పంచ్ పోయాడు, గ్రామసభ పోయింది, ఉపాధి హామీ పల్లెలకే కాబట్టి ఆ పని కూడా పోయింది, ఇంటి పన్ను మాత్రం పెరుగుతుందేమోనని టెన్షన్.

వార్డు సభ్యులు ఎన్నుకుంటారు అన్నామా, అదీ పూర్తిగా నిజం కాదు. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా పేరు నమోదు చేసుకుని ఛైర్మన్ ఎన్నికలో ఓటేయొచ్చు. దీని మహిమ 2020 జనవరిలో దక్షిణ తెలంగాణ అంతా కళ్లారా చూసింది. 22న పోలింగ్, 25న ఫలితాలు, 27న ఛైర్మన్ల ఎన్నిక. నల్గొండలో 48 వార్డులుంటే కాంగ్రెస్‌కు 20, టీఆర్‌ఎస్‌కు 20, బీజేపీకి 6 వచ్చాయి, ఎంఐఎంకు ఒకటి, ఇండిపెండెంట్‌కు ఒకటి. ఎవరికీ మెజారిటీ లేదు, ఎక్స్‌అఫీషియో ఓట్ల దన్నుతో పీఠం టీఆర్‌ఎస్‌కు పోయింది. హైదరాబాద్ శివారు తుక్కుగూడలో 15 వార్డుల్లో 9 బీజేపీ గెలిచింది, లెక్క ప్రకారం తిరుగులేని మెజారిటీ, అయినా బయటి ఓట్లొచ్చి పడేసరికి ఛైర్మన్ పదవి దక్కలేదు. సూర్యాపేట జిల్లా నేరేడుచర్లలో ఇంకా రక్తి కట్టింది. 15 వార్డులు, కాంగ్రెస్ 7, టీఆర్‌ఎస్ 7, సీపీఎం 1. కాంగ్రెస్, సీపీఎం కలిస్తే అయిపోవాలి కదా. రెండు వైపులా ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీల పేర్లు జాబితాలోకి ఎక్కాయి, ఎవరి ఓటు చెల్లుతుంది ఎవరిది చెల్లదు అని గొడవై ఎన్నిక మర్నాటికి వాయిదా పడింది, చివరికి టీఆర్‌ఎస్ గెలిచింది. నేరేడుచర్ల మోరీల్లో ఎప్పుడూ కాలు పెట్టని రాజ్యసభ సభ్యుల ఓటు ఆ ఊరి ఛైర్మన్‌ను తేల్చడం అనేది చట్టం దృష్టిలో సక్రమమే. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి ఇది ముద్దు, అందుకే ప్రతిపక్షంలో ఉండగా దీన్ని తిట్టినవాళ్లు గద్దెనెక్కాక తీసేయరు.

గెలిచిన ఛైర్మన్ సరిగా చేయకపోతే దింపే మార్గం అవిశ్వాస తీర్మానం. సగం మంది సభ్యులు సంతకాలు పెట్టి కలెక్టర్‌కు నోటీసివ్వాలి, నెగ్గాలంటే మూడింట రెండు వంతుల బలం కావాలి. 2019 చట్టం ప్రకారం పదవిలో మూడేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదు. 2023 జనవరిలో ఆ మూడేళ్లు నిండబోతున్నాయని తెలిసి, దాన్ని నాలుగేళ్లు చేస్తూ 2022లో శాసనసభలో బిల్లు పాస్ చేశారు, అది గవర్నర్ దగ్గర ఆగిపోయింది. ఇంకేం, 2023 జనవరి నుంచి రాష్ట్రమంతా నోటీసుల వాన. క్యాంపులు, రిసార్టులు, ఫోన్లు స్విచాఫ్, పార్టీ విప్‌లు. నల్గొండలో 2024 జనవరిలో అవిశ్వాసం నెగ్గింది. ఛైర్మన్ దిగిపోయి కాంగ్రెస్ ఛైర్మన్ వచ్చారు. తేదీ గమనించాలి. అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు 2023 డిసెంబర్‌లో వచ్చాయి, రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, రెండు నెలలు తిరక్కుండా మున్సిపాలిటీలో పీఠం మారింది. ఆ కొద్ది రోజుల్లో ఊళ్లో మోరీలు, నల్లాలు కొత్తగా పాడైందేమీ లేదు. జవాబుదారీ కోసం పెట్టిన ఆయుధం హైదరాబాద్‌లో గాలి ఎటు వీస్తుందో చూపించే గాలిపటం తోకలా తయారైంది.

గల్లీలో సీసీ రోడ్డు వేశాక మూల మీద పాతే శిలాఫలకాన్ని ఒకసారి నిలబడి చదివితే ఈ వ్యవస్థంతా అందులోనే కనిపిస్తుంది. పైన ముఖ్యమంత్రి పేరు, తర్వాత మంత్రి, తర్వాత ఎమ్మెల్యే పెద్ద అక్షరాల్లో, ఎంపీ, ఎమ్మెల్సీలు, కలెక్టర్, ఆ కింద ఛైర్మన్, అన్నిటికంటే అడుగున, గడ్డి మొలిచే చోట, ఆ వార్డు కౌన్సిలర్ పేరు. పొద్దున ఆరింటికి నల్లా రాలేదని తలుపు కొట్టేది మాత్రం ఆ అడుగు పేరు ఇంటికే. ఎమ్మెల్యేకు చట్టంలో మున్సిపాలిటీ మీద పెద్ద అధికారమేమీ రాసిలేదు. అయినా టికెట్లు ఆయన చేతిలో, ప్రత్యేక నిధుల జీవో ఆయన చేతిలో, కమిషనర్ బదిలీకి సిఫార్సు కూడా ఆయన చేతిలోనే. కాబట్టి కౌన్సిలర్ వార్డుకు జవాబు చెప్పడం కంటే ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో కనిపించడం ముఖ్యం అనుకుంటే, అతని లెక్క అతనిది.

పైసల దగ్గరికొస్తే కథ మరీ సూటిగా ఉంటుంది. మున్సిపాలిటీ సొంతంగా వసూలు చేసుకునేవాటిలో పెద్దవి ఇంటి పన్ను, నల్లా బిల్లు, ఇళ్ల అనుమతుల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు. ఏప్రిల్ నెలలో ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇచ్చేది కూడా ఆ నాలుగు పైసలు ముందుగా చేతికి రావాలనే. ఆ వచ్చింది జీతాలు, కరెంటు బిల్లులు, డీజిల్ దగ్గరే సగానికి పైగా కరిగిపోతుంది. కొత్త పని ఏది కావాలన్నా కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటో, రాష్ట్ర పథకమో, ఇళ్లు, స్థలాల రిజిస్ట్రేషన్లప్పుడు వసూలై రాష్ట్ర ఖజానా మీదుగా రావాల్సిన వాటానో దిక్కు. పై నుంచి వచ్చే పైసల్లో చాలా భాగం ఫలానా పనికే అని ముద్ర వేసుకునే వస్తుంది. కౌన్సిల్‌లో బడ్జెట్ సమావేశం గంటలో ముగిసిపోతోందని పత్రికలు రాస్తుంటాయి. చర్చించడానికి సొంతంగా మిగిలేదెంత గనక.

2019 చట్టంలో జవాబుదారీ గురించి గట్టిగానే రాశారు, అయితే ఆ గట్టిదనమంతా పై వైపు చూస్తుంది. బడ్జెట్‌లో 10 శాతం హరిత పద్దుకు పోవాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే ఆ వార్డు సభ్యుడి మీద, అధికారి మీద వేటు పడుతుంది. విధులు సరిగా చేయని ఛైర్మన్‌ను, సభ్యులను సస్పెండ్ చేయడానికీ తొలగించడానికీ కలెక్టర్‌కు అధికారమిచ్చారు. వినడానికి బాగుంటుంది, లంచగొండి కౌన్సిలర్ ఒకడు పోతే జనం చప్పట్లు కొడతారు కూడా. కానీ జనం ఓటేసి గెలిపించిన మనిషిని ప్రభుత్వం వేసిన అధికారి తీసేయగలడు, ప్రభుత్వం వేసిన కమిషనర్‌ను మాత్రం జనం గెలిపించిన కౌన్సిల్ ఏమీ చేయలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో తెలిసిపోతుంది.

కింది వైపు చూసే ఏర్పాటు ఒకటుంది, అదే వార్డు కమిటీ. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పింది, 2011 లెక్కల్లో నల్గొండ గానీ మహబూబ్‌నగర్ గానీ అంత లేవు. ఈ విషయంలో తెలంగాణ చట్టం రాజ్యాంగం కంటే ఒక అడుగు ముందుకేసిందని ఒప్పుకోవాలి. ప్రతి వార్డులో నాలుగు కమిటీలు: యువత, మహిళలు, పెద్దవాళ్లు, ఊళ్లో పేరున్నవాళ్లు, ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది, 48 వార్డుల ఊరికి 2,880 మంది. ఇంత మంది నిజంగా మూడు నెలలకొకసారి కూర్చుని ఏ గల్లీకి ఏం కావాలో రాసిస్తే ఏ కమిషనర్ అయినా పక్కన పడేయడానికి జంకుతాడు. కానీ వీళ్లను ఎవరూ ఎన్నుకోరు, నియమిస్తారు, కాబట్టి జాబితా కౌన్సిలర్ మనుషులతో నిండుతుంది. వీళ్లు సలహా ఇవ్వగలరు, బిల్లు ఆపలేరు. పక్కింటాయన వార్డు కమిటీలో ఉన్నాడని తెలియని ఇళ్లు కొల్లలు. కొన్నిచోట్ల ఆ పక్కింటాయనకే తెలియదని నవ్వుకుంటారు.

సగం సీట్లు మహిళలకు ఇవ్వడం మంచి పనే. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో పక్కన ఆయన ఫొటో అదే సైజులో ఉండటం, ఫోన్ చేస్తే ఆయనే ఎత్తడం, చాలా వార్డుల్లో మామూలే. అడగాల్సింది ఆమెనా ఆయననా అన్న చోట ఇంకో ముడి.

ఇన్ని లోపాలున్నా ఐదేళ్లకోసారి ఓటు అనే భయం ఒకటుంటుంది కదా అనుకోవచ్చు. ఆ భయం కూడా టైమ్‌కు రాదు. గడువు ముగిసేలోపు ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలో ఉంది. వార్డుల విభజన, రిజర్వేషన్ల లాంటి సాకులతో వాయిదా వేయకూడదని అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. జరిగిందేమిటంటే, 2014 జూలైలో కూర్చున్న పాలకవర్గాలు 2019 జూలైలో దిగిపోతే ఎన్నికలు 2020 జనవరిలో వచ్చాయి. అప్పుడు గెలిచినవాళ్ల గడువు 2025 జనవరి 26న ముగిసింది, ఆ వెంటనే ప్రత్యేక అధికారులు వచ్చారు, ఆ ఏడాదంతా వాళ్ల చేతిలోనే గడిచింది. రెండుసార్లు రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, అలవాటు మాత్రం ఒక్కటే. ప్రత్యేక అధికారి ఉంటే పని తొందరగా అవుతుందని అనేవాళ్లున్నారు. కొన్ని ఫైళ్లు తొందరగా కదులుతాయి, నిజమే, అడ్డు చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి.

ప్రత్యేక అధికారుల కాలంలో మోరీ గురించి అడగాలంటే మిగిలేది సోమవారం ప్రజావాణి. తెల్ల కాగితం మీద అర్జీ రాసుకుని, పొంగిన మోరీ ఫొటో ఒకటి ప్రింట్ తీయించి పిన్ను కొట్టి, పొద్దున పదింటికే కలెక్టరేట్‌లో లైన్లో నిలబడాలి. లోపల బల్ల అవతల కలెక్టర్, ఆ పక్కన స్థానిక సంస్థల అదనపు కలెక్టర్. అర్జీ తీసుకుంటారు, మర్యాదగా వింటారు, మూల మీద మున్సిపల్ కమిషనర్‌కు అని రాసి రశీదు ఇప్పిస్తారు. ఎక్కువ పట్టణాల్లో మున్సిపాలిటీకి ప్రత్యేక అధికారి ఎవరయ్యా అంటే, ఆ అర్జీ అందుకున్న అదనపు కలెక్టరే.